చుక్కల వెనక ఊరి పేరు

పెట్టె మాయమవుతుంది. ఒక్క క్షణం తెర మామూలుగా ఉంటుంది. మళ్ళీ అదే పెట్టె, అదే చోట, ఖాళీగా వచ్చి నిలబడుతుంది. లోపల నిలువు గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

"మళ్ళీ తప్పేనా?" వెనక నుంచి మామయ్య.

"తప్పే మామయ్యా."

రాత్రి 10 దాటింది. సింగరాయకొండలో రైలుకట్టకి పడమర, మా మేనమామ ఇంటి ముందుగది. మే నెల. పాకల సముద్రం ఇక్కడికి దగ్గరే, అయినా ఇవాళ గాలి తిరగలేదు. ఫ్యాను వేడిగాలినే తిప్పి కొడుతోంది. వరండాలో అత్తయ్య చాప మీద మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. తెల్లారగానే కారం పట్టించడానికి మిల్లుకి పంపాలి. ఆ ఘాటు గదిలోకి వచ్చి గొంతు పట్టేస్తోంది. దూరంగా హైవే మీద లారీల మోత.

టేబుల్ మీద ఉన్నది పాత డెస్క్‌టాప్. మామయ్య ఈ మండలంలోనే హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైనప్పుడు కొనుక్కున్నాడు. అందులో ఆయన తెరిచేది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు ఒక్కటే. పెన్షను స్లిప్పు, బ్యాంకు, కరెంటు బిల్లు, గ్యాసు, రైలు టికెట్లు, ఎల్ఐసీ, ఈమెయిలు, అన్నిటి పాస్‌వర్డులూ ఆ బ్రౌజరే దాచిపెడుతుంది. అది బీరువా అయితే దానికి తాళం ఒక్కటే. 2020 దాకా ఆ తాళం పేరు మాస్టర్ పాస్‌వర్డ్. ఆ ఏడాది వచ్చిన 80వ వెర్షన్ నుంచి ప్రైమరీ పాస్‌వర్డ్ అంటున్నారు. మామయ్య రెండూ అనడు. సంకేతపదం అంటాడు.

ఆ సంకేతపదమే ఇప్పుడు పనిచేయడం లేదు.

పోయిన కార్తీకంలో కూతురి పురిటికని ఇద్దరూ డల్లాస్ వెళ్ళారు. ఆరు నెలలుండి పోయిన వారమే దిగారు. వచ్చి చూసుకునేసరికి రెండు పోయాయి. కీబోర్డులో చీమలు గూడు పెట్టాయి. బజార్లో కంప్యూటర్ షాపు కుర్రాడొచ్చి కొత్తది తగిలించి వెళ్ళాడు. రెండోది ఫోన్ నంబరు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకం లేకుండా, బ్యాలెన్సు లేకుండా పడి ఉంటే ఆ నంబరును తీసేయవచ్చని నిబంధన. తీసేశారు. ఏ పాస్‌వర్డు మార్చుకుందామన్నా ఓటీపీ వెళ్ళేది ఆ నంబరుకే. ఈమెయిలు కూడా దాన్నే అడుగుతోంది.

బ్యాంకు సంగతి నాకు బెంగ లేదు. ఆధార్ కార్డు పట్టుకుని బ్రాంచికి వెళితే రెండు రోజులకో నాలుగు రోజులకో తేలిపోతుంది. కరెంటు, గ్యాసు, రైలు, అన్నిటికీ కొత్త నంబరుతో ఏదో ఒక దారి ఉంటుంది. మామయ్య బెంగ వేరే. మధ్యాహ్నం అన్నం తింటూ కంచం వైపే చూస్తూ అడిగాడు, "మరి తెవికీ?"

తెలుగు వికీపీడియాని అక్కడ రాసేవాళ్ళంతా తెవికీ అంటారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన ఆ విజ్ఞాన సర్వస్వంలో మామయ్య రిటైరైనప్పటి నుంచీ రాస్తున్నాడు. పాకల, బింగినపల్లి, శానంపూడి, సోమరాజుపల్లి, చుట్టుపక్కల ఊళ్ళ పేజీల్లో గుడి ఎప్పటిది, చెరువెక్కడ, బడి ఎన్నో తరగతి దాకా అన్న వివరాలు సైకిలేసుకుని వెళ్ళి కనుక్కుని చేర్చాడు. ఆ ఖాతా తెరిచిననాడు ఈమెయిలు ఇవ్వలేదు. అక్కడ ఈమెయిలు ఇవ్వడం తప్పనిసరి కాదు. కానీ ఇవ్వనివాళ్ళు పాస్‌వర్డు మరిచిపోతే దాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు. ఇంకో పేరుతో కొత్త ఖాతా తెరుచుకోవాల్సిందే. రాసిన రాతలు ఎక్కడికీ పోవు, చరిత్ర పేజీలో ఉంటాయి. వాటి పక్కనున్న పేరు మాత్రం ఇక ఎన్నటికీ ఆయన చేతికి రాదు.

ఒంగోలు నుంచి నేను బస్సెక్కి వచ్చింది అందుకే.

కుర్చీలో కూర్చోగానే ముందు చేసింది ఒకటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైర్‌ఫాక్స్ తన సరంజామా దాచుకునే ఫోల్డరును, ప్రొఫైల్ అంటారు దాన్ని, మొత్తంగా కాపీ చేశాను. అందులో రెండు ఫైళ్ళు ప్రాణం. లాగిన్స్ డాట్ జేసన్ అనేదాంట్లో పాస్‌వర్డులన్నీ గుప్తంగా ఉంటాయి. కీ4 డాట్ డీబీ అనేదాంట్లో వాటిని విప్పే తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవిని కూడా మరో పెట్టెలో పెట్టి బిగించి ఉంటారు. ఆ పెట్టెని తెరిచేదే సంకేతపదం. రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా రెండోది వ్యర్థం. పోగొట్టుకున్నదాన్ని వెతికేటప్పుడు మొదట ఉన్నదాన్ని భద్రం చేసుకోవాలి. ఈ పని చేయకుండా నెట్‌లో దొరికిన సలహాలన్నీ వరసపెట్టి నొక్కి, ఉన్నదీ పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను.

"నీకు గుర్తున్నంత వరకు చెప్పు మామయ్యా. ఏం పెట్టావు?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా? మన ఊరి పేరే."

"ఊరి పేరుతో పాటు ఇంకేమన్నా? పుట్టిన సంవత్సరం, బండి నంబరు?"

"ఏమీ లేదు. ఒట్టి ఊరి పేరు."

కొడతాను. ఎస్, ఐ, ఎన్, జి... స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టే. పెట్టెలో ఒక్కో అక్షరానికి ఒక్కో నల్లచుక్క. 14 చుక్కలు. ఎంటర్. తప్పు. మొదటి అక్షరం పెద్దది చేసి కొడతాను. తప్పు. అన్నీ పెద్దవి. తప్పు. ఎస్ పక్కన హెచ్ చేర్చి. కె బదులు సి పెట్టి. కొండకి ముందు ఖాళీ వదిలి. మధ్యలో గీత పెట్టి. తెల్ల కాగితం మీద రాసుకుంటూ, కొట్టినదానికి టిక్కు పెట్టుకుంటూ ముప్ఫై దాటాను. ఫైర్‌ఫాక్స్ విసుక్కోదు. ఇన్నిసార్లేనని లెక్కపెట్టి తలుపు మూసేయదు. ఎన్నిసార్లు తప్పు చెప్పినా అదే పెట్టెని మళ్ళీ తెచ్చి ముందు పెడుతుంది.

అప్పుడంటాడు మామయ్య, కళ్ళజోడు పైకి జరుపుకుని తెర మీదికి వంగి, "అబ్బాయ్, ఇన్ని చుక్కలు ఉండేవి కాదురా."

"ఎన్ని ఉండేవి?"

"లెక్కపెట్టలా. కానీ ఇంతదూరం వచ్చేవి కాదు. నేను తెలుగులో గదా కొట్టేది!"

చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తెలుగులోనా? ఈ ముక్క ఇందాకటి నుంచీ ఎందుకు చెప్పలేదని అడగబోయి మానేశాను. తెలుగు పండితుడు. ఊరి పేరు తెలుగులో కాక ఇంకెందులో రాస్తాడు? అడగనిది నేనే.

కంప్యూటర్‌లో చూస్తే తెలుగు కీబోర్డు లేనే లేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి చేర్చాను. నాకు తెలుగు కొట్టడం ఫోన్ మీద, అదీ ఇంగ్లీషు అక్షరాల గుండా వచ్చు తప్ప ఇలా రాదు. అందుకని తెర మీద కీబోర్డు బొమ్మను తెరిచాను. మామయ్య మౌసు పట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు. స, దాని గుడి, సున్న, గ, ర, దీర్ఘం, య, క, ఒత్వం, సున్న, డ. చుక్కలు లెక్కపెట్టాను. 11.

"ఆఁ! ఇదీ. ఇంతే ఉండేవి!" మామయ్య గొంతులో ఒక్కసారిగా ఉత్సాహం.

ఎంటర్ నొక్కాను.

పెట్టె మాయమై మళ్ళీ వచ్చింది.

వరండాలోంచి అత్తయ్య కేక. "ఏందిరా, ఇంకా తెమల్లేదా? అన్నాలు చల్లారిపోతన్నాయి."

అన్నం దగ్గర కూర్చున్నామే గాని ఇద్దరి ఆలోచనా దాని మీదే. "ఇంతమంది చదువుకున్నోళ్ళున్నారు, ఆ ఫైలు విప్పి లోపల ఏముందో చూడలేరా?" అని అడిగింది అత్తయ్య. ఆమె ముందున్న చేటలో తొడిమలు తీసిన గుంటూరు సన్నాలు, పక్కన గిన్నెలో రాళ్ళుప్పు. చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువులు నాకు దొరకవు.

"రేపు ఈ కాయల్ని మిల్లులో వేశాక, ఆ కారంలోంచి మళ్ళీ కాయల్ని తీయగలమా అత్తయ్యా?"

"ఎట్టా తీస్తాం?"

అదే పని జరుగుతుంది అక్కడా. మనం కొట్టిన సంకేతపదాన్ని బ్రౌజరు ఉన్నదున్నట్టు ఎక్కడా రాసి పెట్టుకోదు. ఒక గణితపు మిల్లులో వేసి పొడి చేస్తుంది. ఆ పొడితోనే తాళంచెవి పెట్టెను బిగిస్తుంది. మళ్ళీ మనం వచ్చి మాట చెప్పినప్పుడు దాన్నీ మిల్లులో వేస్తుంది. అదే కాయ అయితే అదే పొడి వస్తుంది, పెట్టె తెరుచుకుంటుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పొడి పూర్తిగా వేరు. పొడిని చూసి కాయని చెప్పే ఉపాయం లేదు. దొంగ చేయగలిగింది ఒక్కటే: తన దగ్గరున్న కాయలన్నీ ఒక్కొక్కటే మిల్లులో వేసి పోల్చి చూసుకోవడం. అందుకే ఇప్పటి ఫైర్‌ఫాక్స్ ఒకసారి పట్టించి వదిలిపెట్టదు, వేలసార్లు తిప్పుతుంది. మనకి తెలియనంత ఆలస్యం, దొంగకి ఏళ్ళ ఆలస్యం.

"మరి ఉప్పు?" అత్తయ్య గిన్నె చూపించి నవ్వింది. "పిడికెడు ఉప్పెయ్యకుండా కారం పట్టిస్తే ఏడాది నిలవుండదు, పురుగు పట్టిద్ది."

ఆమెకి తెలియకుండానే సరైన మాట అనేసింది. సంకేతపదాన్ని మిల్లులో వేసే ముందు దానికి కొన్ని అంకెలూ అక్షరాలూ కలుపుతారు. ఆ కలిపేదాని పేరు నిజంగానే ఉప్పు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో అచ్చువేసిన వ్యాసంలో ఆ పద్ధతి వివరించి, ఉప్పు అన్న పేరే వాడారు. ఒకే సంకేతపదం పెట్టుకున్న ఇద్దరికి ఒకే పొడి రాకుండా ఎవరి ఉప్పు వాళ్ళకి వేరుగా పడుతుంది. దొంగ ముందుగానే పొడులన్నీ కొట్టి డబ్బాల్లో సిద్ధంగా పెట్టుకుందామంటే కుదరదు. చినగంజాం, కనపర్తి ఉప్పు తినే ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఆ పాఠం మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో.

"అంటే దారి లేదన్నమాట." మామయ్య చెయ్యి కడుక్కుని లేచాడు.

ఒక దారి ఉంది. ఆయనకి చూపించాలా వద్దా అని తటపటాయించి చూపించాను. బ్రౌజరు చిరునామా పెట్టెలో ఒక పొడుగాటి వరస కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో సంకేతపదాన్ని తుడిచిపెట్టే బొత్తాం. నొక్కితే ఆ క్షణాన కొత్త సంకేతపదం పెట్టుకోవచ్చు. పాతది ఏమిటని అడగనే అడగదు. కానీ దాంతోపాటు దాచిన పాస్‌వర్డులన్నీ పోతాయి. తాళంచెవి పోయిన బీరువాకి కొత్త తాళం వేసి, లోపలున్నవన్నీ తగలబెట్టి ఇచ్చినట్టు.

కంపెనీ మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. తెరవడానికి ఇంకో దొంగతలుపు పెట్టి ఉంటే, ఈ కంప్యూటరు ఎత్తుకుపోయినవాడికి కూడా అదే తలుపు. నేనే రూపొందించినా ఇలాగే చేస్తాను.

బాణం గుర్తు బొత్తాం మీద ఉంది. మామయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. నొక్కమని కాదు, వద్దని కాదు. ఆ చేతి బరువు తెలుస్తోంది.

పేజీ మూసేశాను.

"రేపు చూద్దాం మామయ్యా. నీకు ఊరి పేరని గుర్తుంది, చుక్కలెన్నో గుర్తుంది. ఇంత తెలిసిన దాన్ని తగలబెట్టకూడదు."

మేడ మీద మంచం వేసుకుని పడుకున్నాం. నిద్ర రాక ఆయనకో సంగతి చెప్పాను. నార్వేలో భాషాపండితుడు ఈవార్ ఓసెన్ పేరుతో ఒక భాషా సంస్కృతి కేంద్రం ఉంది. రైదార్ యూపెదాల్ అనే పండితుడి గ్రంథాలు 11 వేల దాకా అక్కడికి చేరాయి. వాటి జాబితా కంప్యూటర్‌లో ఉంది. దాని సంకేతపదం తెలిసిన మనిషి చనిపోయాడు. పుస్తకాలు కళ్ళ ముందే ఉన్నాయి, జాబితా మాత్రం తెరుచుకోదు. చివరికి 2002లో ఆ కేంద్రంవాళ్ళు తెలిసినవాళ్ళు సాయం చేయండని లోకానికంతటికీ చెప్పుకున్నారు. కొన్ని గంటల్లోనే జవాబొచ్చింది. ఆ పండితుడి ఇంటిపేరునే చివరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి తిరగేసి కొట్టారు, అంతే.

"చూశావా," అన్నాడు మామయ్య చీకట్లో. "అక్కడా పేరే."

ఇంకో సంగతి కూడా నోటిదాకా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల తాళం ఒక చిన్న డ్రైవ్‌లో పెట్టి దాని సంకేతపదం మరిచిపోయాడు. ఆ డ్రైవ్ పదే పదిసార్లు అవకాశం ఇస్తుంది. 2021లో ఆ కథ పత్రికలకెక్కేసరికి ఎనిమిది వాడేసి ఉన్నాడు. అది చెప్పలేదు. ఆ వేళప్పుడు చెప్పే కథ కాదు.

తెల్లవారుజామున గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. దాని తర్వాత గాలి తిరిగింది. తూర్పు నుంచి ఉప్పటి చల్లదనం.

కిందికి దిగేసరికి అత్తయ్య మిరపకాయల మూట కట్టేసి ఆటో కోసం చూస్తోంది. మామయ్య అప్పుడే కుర్చీలో కూర్చుని కొత్త కీబోర్డు మీదికి వంగి ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలు గాల్లో ఉంది. ఎక్కడ దిగాలో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది.

అత్తయ్య గుమ్మంలోంచి చూసి అంది. "ఆ పాతదాని మీదైతే అక్షరాలు కనపడేవి, టకటకా కొట్టేసేవాడు. దీని మీద ఏమున్నాయని కొడతాడు పాపం!"

"ఏం అక్షరాలత్తయ్యా? దీని మీదా ఉన్నాయిగా?"

"ఇంగిలీషువి కాదురా. తెలుగువి. బిళ్ళలు అంటించుకున్నాడుగా మీ మామయ్య."

నేను మామయ్య వైపు చూశాను. మామయ్య నా వైపు చూశాడు. ఇద్దరం ఏమీ అనలేదు.

పాత కీబోర్డు అటక మీద గోతాంలో ఉంది. పారేయడానికి అత్తయ్యకి మనసొప్పలేదు. స్టూలెక్కి దించి, దులిపి, బల్ల మీద పెట్టాను. చచ్చిన చీమలు, ఎర్రమట్టి రేణువులు బల్లంతా రాలాయి. ఒక్కో మీట మీద చిన్న పసుపురంగు చతురస్రం, దాని మీద నల్లటి తెలుగు అక్షరం. కె మీద క. ఎల్ మీద త. జె మీద ర. కొన్ని బిళ్ళలు అంచుల్లో లేచి జిడ్డు పట్టాయి. దీర్ఘం బిళ్ళ మీద సిరా దాదాపు చెరిగిపోయింది. ఎడమచేతి వైపు గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు హల్లులు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలకి ఉమ్మడిగా తయారుచేయించిన అమరిక. తెలుగు క ఏ మీట మీద ఉందో హిందీ క, కన్నడం క కూడా ఆ మీట మీదే ఉంటుంది. తెలుగు పండితులకి ఇంతకంటే గౌరవమైన అమరిక లేదు. ఇంగ్లీషు స్పెల్లింగు గుండా దూరి తెలుగులోకి వెళ్ళే పని లేదు.

"దీంతో తెవికీలో తెలుగు ఎలా వచ్చేది మామయ్యా? కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డే లేదు కదా."

"తెవికీలోనే ఉండేదిగా. పేజీలో చిన్న బొమ్మ ఉంటుంది, అది నొక్కి ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే చాలు."

అక్కడ విడింది ముడి. తెవికీ రాతపెట్టెకి సొంతంగా తెలుగు వచ్చే ఏర్పాటు ఉంది. అది ఆ పేజీలోపలే పనిచేస్తుంది. బ్రౌజరు సంకేతపదం అడిగే పెట్టె ఆ పేజీకి బయటిది. అక్కడికి తెలుగు చేరదు. మామయ్య బిళ్ళల మీద తెలుగు అక్షరాలు చూస్తూ తెలుగే కొడుతున్నాననుకున్నాడు. పెట్టెలోకి వెళ్ళినవి మాత్రం ఆ బిళ్ళల కింద దాగిన ఇంగ్లీషు అక్షరాలు. మామూలు రాత అయితే తెర మీద అడ్డదిడ్డంగా కనబడి అప్పుడే తెలిసిపోయేది. ఇది సంకేతపదం. కనిపించేవి చుక్కలే. ఇన్నేళ్ళుగా రోజూ కొడుతున్న మాట ఏమిటో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

పాత కీబోర్డు తీగ తగిలించి చూశాను. ప్రాణం లేదు. ఉండాల్సిన పనీ లేదు. దాన్ని మామయ్య ముందు పెట్టి, కొత్తదాన్ని నా ముందుకు జరుపుకున్నాను. నిన్న చేర్చిన తెలుగు కీబోర్డును తీసేశాను.

"నువ్వు దాని మీద కొట్టు మామయ్యా. నీ వేలు ఎక్కడ పడితే నేను దీని మీద అక్కడ నొక్కుతాను."

వేలు దిగింది. ఈసారి గాల్లో ఆగలేదు.

"స."

ఆయన వేలు కింది వరసలో ఎం మీద. నేను ఎం నొక్కాను. ఒక చుక్క.

"గుడి." ఎఫ్. "సున్న." ఎక్స్. "గ." ఐ. "ర." జె. "దీర్ఘం." ఈ. "య." కింది వరస చివర్లో వాలుగీత. "క." కె. "ఒత్వం." ఎస్కేప్ కింద మూలనున్న మీట. ఆ బిళ్ళ కొత్తదానిలా మెరుస్తోంది. "సున్న." "డ." చదరపు బ్రాకెట్టు.

11 చుక్కలు. ఎంటర్.

పెట్టె మాయమైంది. మళ్ళీ వచ్చింది.

ఇంతసేపూ ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది. వీధిలో ఆటో ఆగింది. అత్తయ్య మూటతో కదలకుండా గుమ్మంలోనే నిలబడింది. మామయ్య ఏమీ అనలేదు. పాత కీబోర్డు వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి ఎడమచేతి చిటికెనవేలు మెల్లగా వెళ్ళి షిఫ్ట్ మీట మీద ఆగింది. ఆ మీట ఎడమ అంచు అరిగి నున్నగా ఉంది.

"అబ్బాయ్," అన్నాడు. "అప్పట్లో మా బడి రబ్బరు స్టాంపు మీద శింగరాయకొండ అని ఉండేది. పాత కాగితాల్లోనూ అంతే. నరసింహస్వామి కొండ గదా, సింహమే సింగమైంది, స ఉండాలి అని రిటైరయ్యాక నేనే హెడ్మాస్టరుతో పోట్లాడి మార్పించా. ఈ సంకేతపదం పెట్టేనాటికి..."

"శ."

"శ."

ఇన్‌స్క్రిప్ట్‌లో స మీదే శ. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే శ. అంటే పెద్ద ఎం.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆయన పైకి చదవలేదు. వేళ్ళు మాత్రమే కదిలాయి. పాతదాని మీద ఆయనవి, కొత్తదాని మీద నావి. పదకొండో చుక్క పడింది. ఎంటర్ నన్ను నొక్కనివ్వలేదు. చెయ్యి చాపి ఆయనే నొక్కాడు.

పెట్టె మాయమైంది. తిరిగి రాలేదు.

తెర మీద వరసగా పేర్లు. బ్యాంకు, కరెంటు, రైలు, ఎల్ఐసీ. మామయ్య మౌసు తీసుకుని కిందికి జరుపుకుంటూ వెళ్ళి వికీపీడియా దగ్గర ఆగాడు. వాడుకరి పేరు, పక్కన చుక్కలు. కన్ను బొమ్మ నొక్కితే చుక్కలు విడిపోయి పాస్‌వర్డు కనబడింది. ఆయన దాన్ని పైకి చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు, కళ్ళజోడునీ, కళ్ళనీ.

"నే పోతన్నా, మిల్లు దగ్గర జనం పెరిగిపోతారు," అంటూ అత్తయ్య ఆటో ఎక్కింది. ఆమె లేకపోతే ఈ పాటికి ఆ బొత్తాం నొక్కేసి ఉండేవాణ్ణి. ఆ మాట ఆమెకి చెప్పాను కూడా. వినిపించుకున్నట్టు లేదు.

మిగిలిన పని మధ్యాహ్నం దాకా పట్టింది. ముందుగా తెవికీ ఖాతాలోకి వెళ్ళి ఈమెయిలు చేర్చాం. ఆ ఈమెయిలుకి కొత్త నంబరు ఇచ్చాం. ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డులన్నిటినీ ఒక ఫైలుగా బయటికి తీసుకునే వీలుంది. ఆ ఫైలు గుప్తంగా ఉండదు, ఎవరైనా చదవొచ్చు. అందుకని కాగితం మీద అచ్చు తీసి, ఫైలును వెంటనే చెరిపేశాం. సంకేతపదం కూడా మార్చాం. ఈసారిది ఏమిటో నాకు తెలియదు, నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. కాగితాన్నీ, కొత్త సంకేతపదం రాసిన చీటీనీ కవర్లో పెట్టి, అంటించి, అడ్డంగా సంతకం చేసి, బీరువాలో పొలం దస్తావేజుల కింద పెట్టాడు. అది అక్కడుందని అత్తయ్యకి చెప్పాడు. డల్లాస్‌లో కూతురికి ఫోన్ చేసి చెప్పాడు.

బిళ్ళల కొత్త సెట్టు ఒంగోల్లో దొరక్కపోతే నేను తెప్పించి పంపుతాను. అప్పటిదాకా పాత కీబోర్డు కొత్తదాని పక్కనే బల్ల మీద ఉంటుంది.

సాయంత్రం బస్సుకి బయల్దేరేటప్పుడు మామయ్య మళ్ళీ కంప్యూటర్ ముందే ఉన్నాడు. శానంపూడి పేజీ తెరిచి ఉంది. ఆర్నెల్ల కింద మధ్యలో ఆగిపోయిన వాక్యం పూర్తి చేస్తున్నాడు, పక్కనున్న బిళ్ళలు చూసుకుంటూ, ఒక్కో అక్షరం.

తెవికీలో రాసేవాళ్ళకి ఒక మనవి. మీ ఖాతాకి ఈమెయిలు జోడించి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. అది రెండు నిమిషాల పని.